సంగు ఆగేలోపు

కోయంబత్తూరుకు తూర్పున, నొయ్యల్ ఏటికి దగ్గరలో ఉన్న ఒక నూలు మిల్లులో సుడలై ఏం పని చేసేవాడని అడిగితే అతని వీధివాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. "వానికేమి పని, తీగ పట్టుకోని యాలాడేది" అనేవాళ్ళు. నిజానికి బాయిలర్‌లో బొగ్గు వేయడం అతని పని. షిఫ్టు మారే వేళకు గోడవారనున్న ఇనుప తీగ లాగి మిల్లు కూత మోగించడం దానికి తోడుగా వచ్చిపడిన పని. ఆ కూతను అక్కడి తెలుగువాళ్ళు చుట్టుపక్కల తమిళుల్లాగే సంగు అంటారు. అలా అతను సంగు సుడలై అయ్యాడు. కన్నతల్లి కూడా చివరికి అలాగే పిలిచింది.

వాళ్ళ వీధి సంగతి చెప్పాలి. అక్కడి తెలుగువాళ్ళు ఎప్పుడు వచ్చారో, ఏ ఊరినుంచి వచ్చారో అడిగితే ముసలాళ్ళు ఉత్తరం వైపు చెయ్యి చూపించి ఊరుకుంటారు. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, మిల్లులో రెండూ కలిపిన తిట్లు. వీధి కాస్త మెరక మీద ఉంది. దాని నెత్తిన బడి ఉంది. కింద ఒక వాగు. పల్లం అంటారు దాన్ని. ఏడాదిలో పది నెలలు మేకలు కూడా కాలు తడవకుండా దాటతాయి. పల్లం అవతల మిల్లు గేటు. ఇక గడియారమంటారా, వీధి మొత్తం వెతికినా ఒక్కటి దొరకదు. పొద్దు చూసుకుంటారు, సంగు వింటారు, అంతే. పసిబిడ్డకు పాలు పట్టాలన్నా, అన్నం వార్చాలన్నా, మొగుడితో పోట్లాట ఆపాలన్నా సంగు మోగాల్సిందే.

ఆ మిల్లులో ఒక ఆనవాయితీ ఉండేది. సంగు మోగుతున్నంతసేపు గేటు తెరిచి ఉంటుంది. సంగు ఆగిందా, కావలి అంతోని గేటు వేసేస్తాడు. అంతోని మంచివాడే, ఆదివారం గుడికి పోయి అందరి కోసమూ ప్రార్థన చేసేవాడే. కానీ గేటు అతని సొంతం కాదు కదా. బయట ఉండిపోయినవాడు శాశ్వత కార్మికుడైతే ఆ పూట కూలి పోతుంది. బదిలీ మనిషైతే, అంటే రోజుకో చోట ఖాళీ చూసి ఎక్కించుకునే మనిషైతే, రేపటినుంచి ఆ చోటే పోతుంది. వీధిలో సగానికి పైగా బదిలీవాళ్ళే.

అందుకే సుడలై ఒక చిన్న దొంగపని చేసేవాడు. బాయిలర్ గది కిటికీలోంచి పల్లం కనిపిస్తుంది. తీగ లాగుతూ అటే చూసేవాడు. తన వీధివాళ్ళెవరైనా క్యారేజీ ఊపుకుంటూ పరిగెత్తి వస్తుంటే తీగ వదిలేవాడు కాదు. ఇంకో చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి ఊపేవాడు, రండి రండి, పట్టుకునే ఉన్నానని. ఆ చెయ్యి కనిపిస్తే వీధివాళ్ళకు ప్రాణం లేచి వచ్చేది. గేటులో పడ్డాక ఊపిరి తీసుకుంటూ, "మన సుడలై పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది" అని నవ్వుకునేవాళ్ళు. ఇంజినీరు ఎన్నోసార్లు గదమాయించాడు, ఆవిరి వృథా అవుతోందని. తీగ బిగుసుకుపోతోంది సార్ అని సుడలై బొంకేవాడు.

అందరికన్నా ఆలస్యంగా వచ్చేది అతని పెళ్ళాం సెల్లాయే. నూలు చిలపలు చుట్టే రీలింగ్ ఖాతాలో రెండో షిఫ్టు ఆమెది. తీరిగ్గా పొయ్యి ఆర్పి, కూతురు పొన్నుకు నాలుగు పనులు చెప్పి, సంగు మోగాక గాని గడప దాటేది కాదు.

"నీ కోసరం మిల్లు బొగ్గంతా కాలిపోతా ఉండాది" అనేవాడు సుడలై.

"కాలనీలే మామా. ఇంకొంచ నేరం పట్టుకుంటే నీ సొత్తేమన్నా పోతాదా?"

నేరమంటే వాళ్ళ మాటలో సమయం. ఆమె మాటకు ఎదురు చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. చెప్పాలని కూడా ఉండేది కాదు.

ఆ ఏడు ఐప్పసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో, వాన పట్టింది. పట్టింది అంటే పట్టిందే, వదల్లేదు. పొద్దు కనబడక ఎన్నాళ్ళైందో లెక్క తప్పింది. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ తేడా తెలియని చీకటి. పైన ఎక్కడో పెద్ద చెరువు నిండి, గట్టు నానిపోయి ఉంది. దానికి తాలూకా ఆఫీసువాళ్ళూ మిల్లువాళ్ళూ కలిసి ముందే ఒక ఏర్పాటు చేసుకున్నారు. గట్టు తెగేలా ఉంటే మిల్లు సంగు ఆపకుండా మోగాలి, అది విని జనం మెరక మీదున్న బడికి పోవాలి. మంచి ఏర్పాటు, తప్పేం లేదు. వీధికి ఎవరు చెప్పాలన్నది మాత్రం తేలలేదు. మిల్లు చెబుతుందిలే అని తాలూకా ఆఫీసు అనుకుంది. తాలూకా ఆఫీసు తప్పెట వేయించి చాటిస్తుందిలే అని మిల్లు అనుకుంది. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరికీ తీరిక లేని పనులే. ఎవరిని తిట్టి ఏం లాభం.

ఆ మధ్యాహ్నం మేనేజరు రత్నసభాపతి గొడుగు కూడా లేకుండా బాయిలర్ గదికి వచ్చాడు. ఆయనా తెలుగాయనే, భూములున్న ఇంటివాడు. ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రానివాడు వచ్చేసరికి సుడలై పార కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"సుడలై, సంగు లాగు. నేను చెప్పేదాకా నిలపవద్దు."

"ఇప్పుడేమి సంగు సామీ, షిఫ్టుకు ఇంకా నేరముండాది."

"షిఫ్టుకు కాదయ్యా. తాలూకాఫీసు నించి ఫోను వచ్చింది. చెరువు గట్టు నిలిచేట్టు లేదంట. జనానికి తెలియాల కదా."

సుడలై తీగ అందుకున్నాడు. మోకాళ్ళు వంచి, బరువంతా వేసి లాగాడు. ఇన్నాళ్ళూ మిల్లు కోసం కూసిన సంగు ఇవాళ మనుషుల కోసం కూస్తోందని ఒక్క క్షణం గర్వపడ్డాడు కూడా. పాపం, మనిషి కదా.

కాసేపటికి కిటికీ వైపు చూశాడు. మెరక మీదినుంచి నల్లసామి దిగి వస్తున్నాడు. చేతిలో క్యారేజీ, నెత్తిన గోనెసంచి. అతని వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళ వెనకాల వీధంతా. చీరలు ఎగ్గట్టుకుని, పిల్లల్ని పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, చెయ్యి కడుక్కోవడానికి కూడా ఆగకుండా పరిగెత్తుతున్నారు. పైకి కాదు, కిందికి. బడి వైపు కాదు, పల్లం వైపు.

"సామీ, వాళ్ళు పనికి వస్తుండారు."

రత్నసభాపతి కిటికీ దగ్గరికి వచ్చి చూశాడు. "ఇప్పుడు షిఫ్టు లేదు కదా. ఎందుకు వస్తుండారు?"

"పొద్దు లేదు కదా సామీ, వాళ్ళకేమి తెలుస్తాది. సంగు ఇంటే రావాల, అది ఒకటే వాళ్ళకు తెలిసింది."

మేనేజరు గేటు దగ్గర అరిపించడానికి వానలోకి పరిగెత్తాడు. సుడలై ఒక్కడే మిగిలాడు, చేతిలో తీగతో. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వెనక్కి పొమ్మని ఊపాడు. ఊపాక తెలిసింది తానేం చేశాడో. ఆ చెయ్యి ఇన్నేళ్ళుగా చెప్పింది ఒక్కటే మాట, రండి రండి అని. అవతలి గట్టున సెల్లాయి ఆ చెయ్యి చూసింది. చూసి, వస్తున్నానులే అన్నట్టు తానూ చెయ్యి ఎత్తి, పల్లంలోకి దిగింది.

తీగ వదిలేశాడు. ఆపితే వెనక్కి తిరుగుతారేమోనన్న ఆశ. సంగు గొంతు పడిపోతుంటే వాళ్ళు రోజూ చేసేది ఒక్కటే, అడుగు పెంచడం. అదే చేశారు. భయం వేసి మళ్ళీ లాగాడు. లాగేసరికి, మన సుడలై మన కోసం పట్టుకున్నాడని వెనకబడ్డవాళ్ళు కూడా గట్టు దిగారు. లాగినా తప్పే, వదిలినా తప్పే. కిటికీలో తల దూర్చి, "పోండి, బడికాడికి పోండి" అని గొంతు చించుకున్నాడు. తన సంగు హోరులో తన గొంతే అతనికి వినపడలేదు.

నీళ్ళు రావడం అతను చూశాడు. ముందు తుమ్మకంపలు వచ్చాయి, తర్వాత ఎవరిదో ఇంటి వాసం, తర్వాత ఎర్రటి నీళ్ళు గట్టుకు గట్టు నిండుగా. దాటినవాళ్ళు గేటులో పడ్డారు. దిగనివాళ్ళు అవతలే నిలిచిపోయారు. నడుమ ఉన్నవాళ్ళకు ఎటు పోవాలో తోచలేదు. సెల్లాయి నడుమ ఉంది.

తర్వాత చాలామంది చాలా చెప్పారు. తాలూకా ఆఫీసు మైకు కట్టిన కారును పంపింది. తారురోడ్డు దిగితే చక్రాలు కూరుకుపోతాయని ఆ కారు వీధిలోకి రాలేదు. రోడ్డు మీదే నిలబడి, సభల్లో మాట్లాడే పెద్ద తమిళంలో చెప్పింది. కాచిన నీళ్ళు తాగమంది. కలరా సూది వేయించుకోమంది. ఆచూకీ తెలియనివాళ్ళ బంధువులు ఫలానా చోటికి రావాలంది. ఆ ఫలానా చోటు పేరు చెప్పే సమయానికి గాలి అటు తిరిగింది. వీధిలో ఎవరికీ వినపడలేదు. సుడలై కారు వెనకాల పరిగెత్తాడు, అది వెళ్ళిపోయింది.

అతను ఏటి గట్టు పట్టుకుని కిందికి నడిచాడు. ప్రతి ఊళ్ళో ఆగి అడిగాడు. అడ్డుకట్ట ఉన్న ఒక ఊరివాళ్ళు, అవునయ్యా, కొందరు కొట్టుకొచ్చారు అన్నారు. తమ ఊళ్ళో తప్పెట వేయించారట, ఎవరివాళ్ళైనా ఉంటే వచ్చి తీసుకుపొమ్మని. ఎవరూ రాలేదట. ఆ ఊళ్ళో తప్పెట వేస్తే ఆ ఊరివాళ్ళకే కదా వినపడేది. రెండు రోజులు చూసి, నిలవ ఉంచలేక, అందరినీ ఏటి పక్కనే పూడ్చేశారు. కొత్తగా కప్పిన మట్టి దిబ్బలు చూపించారు. వాటిలో సెల్లాయి ఎక్కడ ఉందో, అసలు ఉందో లేదో వాళ్ళూ చెప్పలేకపోయారు. సుడలై అన్నిటికీ మధ్యలో చతికిలబడి ఏడ్చాడు. చెప్పడానికి అంతమంది ఉన్నారు, తప్పెటలున్నాయి, మైకులున్నాయి, సంగు ఉంది. ఒక్క మాట ఒక ఊరినుంచి ఇంకో ఊరికి నడిచి రాలేకపోయింది.

మిల్లువాళ్ళు దయతలిచి సెల్లాయి చోటు పొన్నుకు ఇచ్చారు. శాశ్వతంగా కాదు, బదిలీగా. వద్దనే స్తోమత సుడలైకి లేదు. అతను మాత్రం మళ్ళీ ఆ తీగ ముట్టుకోలేకపోయాడు. బొగ్గు కుప్ప దగ్గర బుట్టలు నింపే పనికి మార్చారు. కొత్తగా వచ్చినవాడు గడియారం చూసి లాగి, గడియారం చూసి వదిలేవాడు. పరిగెత్తి వచ్చేవాళ్ళు వాడికి కనబడరు.

ఇప్పుడు సుడలైకి లోకంలో మిగిలింది పొన్ను ఒక్కతే. ఇంకోసారి చెరువు తెగితే, ఇంకోసారి సంగు అకాలంలో మోగితే, ఈ పిల్ల పల్లంలోకి దిగకూడదు. అన్నం తింటున్నా, బొగ్గు ఎత్తుతున్నా అతని బుర్రలో ఇదే తిరిగేది. ఒకరోజు కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.

"నాకు ఇంక నువ్వొకతివే తల్లీ. సంగు నిడివిగా కూస్తే మిల్లుకు పోవద్దు. బడికాడికి పో. ఏమి?"

"సరే నాయినా" అంది పొన్ను.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు. షిఫ్టు సంగైతే పొట్టిగా కూస్తుంది, వెల్లం, అంటే వరద, వచ్చే సంగైతే ఆగకుండా కూస్తుంది, అలా కూస్తే పైకి పోవాల అని చెప్పాడు. జనం కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి విన్నారు. ఎవరూ కాదనలేదు. కోడలిని పల్లంలో పోగొట్టుకున్న రామాయి మాత్రం విన్నదంతా విని, నెమ్మదిగా అడిగింది.

"ఇంటిమి రా. ఆ పొద్దు కిటికీలో చెయ్యి ఆడిస్తివి కదా. రమ్మనే కదా మేమందరం అనుకునింది."

సుడలై తల దించుకుని పక్కింటికి పోయాడు.

మేనేజరు దగ్గరికీ వెళ్ళాడు. చేతులు కట్టుకుని రెండు మాటలు అడిగాడు. వెల్లానికి సంగు కాకుండా బడి గంట కొట్టించమన్నాడు. లేదంటే, అలాంటి రోజున పనికి రానివాళ్ళ చోటు పోదని మిల్లే వీధికి వచ్చి ఒక మాట చెప్పమన్నాడు. రత్నసభాపతి ఆ వరద తర్వాత బాగా చిక్కిపోయాడు. కసురుకోలేదు.

"బడి గంట పక్క వీధికే ఇనపడదు సుడలై. సంగు కన్నా పెద్ద గొంతు ఈ పక్క ఇంకేముండాది చెప్పు. గేటు సంగతంటావా, అది నా చేతిలో లేదు. ఒకసారి వదిలితే, వాన చినుకు పడిన ప్రతి పొద్దూ వెల్లమని ఇంట్లో పండుకుంటారని ముతలాళి అంటాడు."

ముతలాళి అంటే మిల్లు యజమాని. సుడలై దండం పెట్టి బయటికి వచ్చాడు.

మరుసటి ఏడు వానలకు ముందు తాలూకా ఆఫీసువాళ్ళు ఈసారి పకడ్బందీగా చేశారు. తప్పెట వేయించారు. ఈ వారంలో ఒక రోజు ఆపకుండా సంగు కూస్తుందని, అది పరీక్షేనని, అయినా అందరూ నిజమనుకుని బడికి పోవాలని వీధి వీధికీ చెప్పించారు. ఏ రోజన్నది చెప్పలేదు. చెబితే పరీక్ష ఎలా అవుతుంది అన్నాడు అధికారి, అదీ న్యాయమే. సుడలై ఆ వారమంతా సెలవు పెట్టుకుని బడి దగ్గరే కూర్చున్నాడు. వరండా ఊడ్చాడు. పెద్ద కుండతో నీళ్ళు తెచ్చి పెట్టాడు, పరిగెత్తి వచ్చేవాళ్ళకు దాహం వేస్తుందని.

మబ్బుగా ఉన్న ఒక మధ్యాహ్నం సంగు మోగింది. సుడలై లేచి నిలబడి దారి వైపు చూశాడు. కుంటికాలుతో మిల్లుకు పోలేని గురుసామి తాత ఒక్కడు కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఏమిరా, ఇంకెవరూ రాలేదా?" అని వరండాలో కూలబడ్డాడు. సంగు మోగుతూనే ఉంది. సుడలై బడి వెనక్కి పోయి కిందికి చూశాడు. వీధంతా పల్లంలో ఉంది. క్యారేజీలు, ఎగ్గట్టిన చీరలు, పరుగులు. నీళ్ళు లేవు కాబట్టి హాయిగా దాటుతున్నారు. వాళ్ళలో పొన్నును నడకను బట్టి పోల్చుకున్నాడు. సెల్లాయి నడకే.

మిల్లు గేటు దగ్గర నిలబడి చూసిన అధికారి చాలా సంతోషించాడట. సంగు మూలమూలకీ వినపడుతోందని, చిటికెలో వీధంతా ఇళ్ళు వదిలి బయటికి వచ్చేసిందని, ఇంత చురుకైన జనాన్ని తాను ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడట. రత్నసభాపతి ఆ మాటలు సగంలో వదిలి లోపలికి పోయాడని అంతోని తర్వాత చెప్పాడు.

మర్నాడు పొద్దున పొన్ను గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటుంటే సుడలై ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నాకు ఒట్టు పెడితివి కదా తల్లీ."

"పెడితిని."

"తప్పెట ఇంటివి. నేను చెప్పితిని. అట్లయినా ఏల పోతివి?"

పొన్ను దువ్వెన ఆపింది. ఆమెకు తండ్రి మీద జాలి వేసింది. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"నిడివి సంగా పొట్టి సంగా అని తెలవాలంటే, ఆగేదాకా నిలిచి వినాల కదా నాయినా. నిలిచి వింటిననుకో. అది షిఫ్టు సంగైతే, ఆగినప్పుడు తెలుస్తాది. ఆగితే గేటు మూసేస్తారు. అమ్మ చోటు పోతాది. ఇంక మనమేమి తినేది?"

ఇన్నేళ్ళు తీగ లాగినవాడు, ఇల్లిల్లూ తిరిగినవాడు, ఈ మాట అతనికే తట్టలేదు. తప్పెటవాడికీ తట్టలేదు, అధికారికీ తట్టలేదు. పిల్ల చెప్పినదాంట్లో ఎక్కడైనా ఒక సందు దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికాడు. దొరకలేదు. వీధిలో అందరికీ ఇది ముందే తెలుసని, నొచ్చుకుంటానని తనకు చెప్పలేదని అర్థమై కళ్ళు తుడుచుకున్నాడు.

లేచి, "రా" అన్నాడు.

కూతురిని పల్లం దగ్గరికి తీసుకుపోయాడు. తను ముందు దాటి మిల్లు వైపు గట్టున నిలబడ్డాడు.

"పోయేదే అయితే రాళ్ళు చూసుకుంటా మెల్లగా రావద్దు. క్యారేజీ పడిపోతే పోనీ, వంగి తీసుకోవద్దు. ఎవరు పిలిచినా తిరిగి చూడవద్దు. ఒకే పరుగు. రా."

పొన్ను చీర ఎగ్గట్టుకుని ఒక పరుగున దాటింది. గట్టెక్కేటప్పుడు కాలు జారి తమాయించుకుంది. సుడలై ఆ చోట కాలితో మట్టి తొక్కి మెట్టులాగా చేశాడు. మళ్ళీ అవతలికి పంపించాడు. కట్టెల మోపుతో అటు పోతున్న రామాయి ఆగి చూసింది. మోపు కింద పడేసి, ఇంటికి పోయి మనవరాలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్లకూ ఈమధ్యనే మిల్లులో బదిలీ దొరికింది. ఇద్దరు ఆడపిల్లలూ వీధి వైపు గట్టున పక్కపక్కన నిలబడి, రొప్పుతూ, ఇటు చూశారు.

"ఇంకొకసారి" అన్నాడు సుడలై. "ఇంకా సీక్రం రావాల."